కన్నప్ప ముందు తాను తిని చూశాడు

హైదరాబాద్‌లోని మా కర్మన్‌ఘాట్‌లో మంగళవారం, శనివారం నీచు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. ధ్యానాంజనేయస్వామి నీడన బతికేవాళ్లం కదా. అలాంటి ఇంటి కుర్రాడే, మా అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, ఒకరోజు వచ్చి అడిగాడు: "ఆంటీ, ఊరి నుంచి అడవిపంది మాంసం పంపిస్తామంటున్నారు. తింటే పాపమా?"

పశువైద్యురాలిగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. తింటే రోగమొస్తుందా అని అడుగుతాడనుకున్నాను. అతను పాపం గురించి అడిగాడు. ఆలోచించినకొద్దీ అదే అడగవలసిన ప్రశ్న అనిపించింది.

మా ధ్యానాంజనేయస్వామి గుడి స్థలపురాణమే వేటతో మొదలవుతుంది. కాకతీయ ప్రోలరాజు వేటకొచ్చి, అలసి చెట్టుకింద కూర్చుంటే పులి గాండ్రింపు వినిపించిందట. వెతుక్కుంటూ వెళితే పులి లేదు, పొదల్లోంచి రామనామం వినిపించింది, అక్కడ ఆంజనేయుడి విగ్రహం కనిపించింది. ఇక్కడికి దగ్గర్లోనే, వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరానికి గుర్తుగా 1975లో ఆయన పేరు పెట్టి దాన్ని కృష్ణజింకలకు వదిలేశారు. చరకసంహితేమో మృగమాంసాలన్నిట్లోకీ ఆ కృష్ణజింక మాంసమే శ్రేష్ఠమంటుంది. మహాభారతంలో ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముతూనే కౌశికుడికి ధర్మం చెప్పాడు. కాబట్టి మాంసం అన్న ఒక్క మాటతో పాపమని తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు.

మరో మాట కూడా తరచూ వింటుంటాను. పందిని వద్దన్న మతాలకు అందులోని పురుగుల సంగతి ముందే తెలుసని, ప్రతి ఆచారం వెనకా సైన్సు ఉందని. నేనొప్పుకోను. కండలో చుట్టుకుని పడుకునే ట్రైకినెల్లా పురుగును 1835లో లండన్‌లో జేమ్స్ పాజెట్ అనే వైద్యవిద్యార్థి ఒక శవంలో గమనించాడు. అది పందిమాంసంతో వస్తుందని తేలడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ముస్లిం అయినా యూదుడైనా పందిని మానేది దేవుడు వద్దన్నాడని. ఆ విశ్వాసానికి సూక్ష్మదర్శిని సాక్ష్యం అక్కర్లేదు. ఆచారం పాటిస్తున్నాం కాబట్టి రోగం రాదనుకోవడం కూడా అంతే పొరపాటు. పందిమాంసంతో వచ్చే బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోంచి దాని గుడ్లు నీళ్లలోకి, ఆకుకూరల్లోకి, కడగని చేతుల్లోకి వస్తాయి. అవి కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెస్తాయి. జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

ఇక అడవిపంది సంగతి. అది ఎలుకనూ తింటుంది, చచ్చిన జంతువునూ తింటుంది. వాటి కండలో ట్రైకినెల్లా పిల్లపురుగులు ఉంటే దీని కండలోకి చేరతాయి. ఆ కండ మనం తింటే పేగుల్లో పెద్దవై పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు నెత్తురుతో పాటు మన కండల్లోకి వెళ్లి కూర్చుంటాయి. ముందు విరేచనాలు, కడుపునొప్పి. కొన్నాళ్లకు జ్వరం, కళ్లచుట్టూ వాపు, ఒళ్లంతా కండరాల నొప్పులు. కొందరిలో గుండె దాకా పోతుంది. మాంసం ముక్కను ఎంత పరీక్షగా చూసినా మామూలు కంటికి ఆ పురుగు ఆనదు, వాసన రాదు. ఉప్పు పట్టించి ఎండబెట్టినా, పొగలో వేలాడదీసినా చస్తుందన్న నమ్మకం లేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే చాలనుకుంటారు కానీ, అడవిజంతువుల్లో చలికి చావని రకాలూ ఉన్నాయి. దాన్ని చంపేది నిప్పే. ముక్క లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నిప్పులమీద పైన మాడి లోపల ఎర్రగా ఉండే ముక్క ప్రమాదం, కుక్కర్‌లో మెత్తగా ఉడికింది నయం.

ఇక్కడే నాకు కన్నప్ప గుర్తొస్తాడు. కన్నప్ప అసలు పేరు తిన్నడు. అతను అడవిపందిని కొట్టి, ముక్కలు కాల్చి, ఒక్కొక్కటి నోట పెట్టి చూసి, బాగున్నవే శివుడికి పెట్టాడు. పూజారి దాన్ని ఎంగిలి అన్నాడు, అపచారమన్నాడు. మన హరికథల్లో దీన్ని అమాయకభక్తి అంటారు. నాకు అందులో అమాయకత్వం కన్నా బాధ్యత ఎక్కువ కనిపిస్తుంది. కీడేదైనా ఉంటే అది ముందు తన ఒంటికే తగలాలి, తర్వాతే దేవుడికి. శ్రీకాళహస్తిలో ఆ నైవేద్యం చెల్లిందంటే, నా మట్టుకు నాకు, పెట్టేవాడు ఆ ముప్పును ముందు తన మీద వేసుకోవడం వల్లే చెల్లింది.

దొంగచాటుగా అడవిమాంసం అమ్మేవాడు చేసేది దీనికి సరిగ్గా ఎదురు. ఏ రోగంతో ఉన్న జంతువో, ఎప్పుడు చచ్చిందో, ఉచ్చులో ఎంతసేపు విలవిల్లాడిందో కొనేవాడికి తెలియదు. కబేళాలో అయితే పశువైద్యుడు చూసి ముద్ర వేస్తాడు. ఇక్కడ ఆ చూపు లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ వేటా, ఆ అమ్మకమూ నేరం. పంట పాడుచేస్తోందని అనుమతి తీసుకుని కాల్చిన పందిని కూడా పూడ్చిపెట్టాలి తప్ప వండుకోకూడదు. జంతువు పడ్డ బాధ ఎవరికీ పట్టదు, తినేవాడి ప్రాణం అమ్మేవాడికి పట్టదు. కుర్రాడికి నేను చెప్పిన జవాబు ఇదే: "పాపమే నాయనా. అది నువ్వు తినే రోజును బట్టి వచ్చేది కాదు, శనివారం మానేస్తే పోయేదీ కాదు. నీకు తెలియనిది ఇంట్లో పసిపిల్లలకు పెట్టడం ఉందే, అదీ పాపం."

చదివేవాళ్లకు నా మనవి. అడవిమాంసం ఎవరు తెచ్చిచ్చినా వద్దనండి. ఊరపందైనా లోపల ఎరుపు పోయేదాకా ఉడికించండి, పచ్చిమాంసం కోసిన కత్తినీ పీటనూ సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టండి. ఇప్పటికే తిని ఉంటే, కొన్ని వారాల్లో జ్వరం, కళ్లవాపు, కండరాల నొప్పులు వస్తే, చట్టానికి భయపడో సిగ్గుపడో దాచకండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి. దీనికి మందులున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తాయి.