గృహస్థధర్మము – మూషికబాధ

కార్తికమాసము ప్రవేశించునాటికి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు వేరుసెనగ పంట గోతములకెక్కి ఇండ్లకు చేరును. పొలమున ఆహారము తరిగిన ఎలుకలును ఆ గోతముల వెంబడియే ఊరిలోనికి వచ్చును. హిందూపురపు మండీలనుండి బెల్లము, చింతపండు, ఎండుమిరపకాయలు తెచ్చి సంవత్సరమునకు సరిపడ నిలువచేసికొను అలవాటు ఈ సీమయందు ఇంకను పోలేదు. రాగులు, జొన్నలు సరేసరి. పాతమిద్దెలలో బండకును గోడకును నడుమ సందులుండును. వంటింటి మూలలో కలుగు, అటుకమీద పాతగుడ్డల మూట, దాని ప్రక్కనే ధాన్యపు గోతము! ఎలుక కోరునదంతయు అచటనే అమరియున్నది. ధర్మవరమున మగ్గమున్న యిండ్లలో బాధ మరియొక విధమైనది. మగ్గపు గుంటలో చేరిన చిట్టెలుక పడుగునందలి పట్టుపోగులను ఒక్క రాత్రి కొఱికిపోయినచో, వానిని వెదకి అతుకుటతోనే నేతగాని పని దినములు వ్యర్థమగును.

ఇట్టి సమయమున ఇంటి యజమానుడు కోపముతో అంగడికి పోయి విషము తెచ్చును. ఇంటి పెద్దామె "వినాయకుని వాహనము నాయనా, చంపరాదు" అని అడ్డుపడును. విష్వక్సేనుని ఆరాధించి కార్యమారంభించు శ్రీవైష్ణవగృహములందు సైతము ఈ మాట వినబడుచునే యుండుట విశేషము. ఒకరిది ఇంటివారిని కాపాడవలెనను తపన. మరియొకరిది ప్రాణిదయ. రెండును ధర్మములే. అయినను ఇరువురి మాటలవలనను ఎలుక ఇల్లు విడువదు. విషము తిని ఒకటి చచ్చిన, పది పుట్టును. దయదలచి ఊరకున్న, ఇరువది పుట్టును.

భగవద్రామానుజులు శ్రీభాష్యమునందు వాక్యకారుని మతము ననుసరించి భక్తికి సాధనములైన ఏడింటిని పేర్కొనిరి. వానిలో మొదటిది వివేకము. ఇచట వివేకమనగా బుద్ధికుశలత కాదు, ఆహారశుద్ధి. జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అను మూడును లేని అన్నముచే శరీరము శుద్ధినొందుట వివేకమని చెప్పబడినది. స్వతహాగా మంచి పదార్థమే యైనను, మంచివారి సొత్తే యైనను, ఎంగిలి, వెండ్రుక మొదలగువాని సంపర్కముచే చెడుట నిమిత్తదోషము. ఎలుక ముట్టిన బియ్యము, దాని పెంటికలు పడిన పప్పు ఈ కోవలోనివే. అట్టి పదార్థముతో వండినది పెరుమాళ్లకు ఆరగింపు సేయదగదు. కావున "పాపము, చిన్నప్రాణి, నాలుగు గింజలు తిననిండు" అని వంటింటిని దానికి విడిచిపెట్టుట దయవలె కనిపించినను, ఆరాధన విషయమున అశ్రద్ధయే యగును.

అయితే ఆ ఏడింటిలోనే కల్యాణమను మరియొక సాధనము కలదు. సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింస మున్నగునవి దానియందు చేరియున్నవి. వివేకమును, కల్యాణమును చెప్పినది ఒక్క ఆచార్యుడే. ఉపదేశించినది ఒక్క సాధకునకే. ఆహారశుద్ధి కొఱకు దయను విడువుమనియు చెప్పలేదు, దయ కొఱకు శుద్ధిని విడువుమనియు చెప్పలేదు. ఈ రెండును ఒక యింటిలో ఒకేసారి ఎట్లు నిలుచును?

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మముల నుపదేశించు ఘట్టమున దీనికి మార్గము కనబడును. మృగము, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ – వీనిని గృహస్థుడు తన బిడ్డలవలె చూడవలెనని నారదుడు చెప్పెను. ఈ పట్టికలో ఎలుక పేరుండుట గమనింపదగినది. ఆవును, లేడిని బిడ్డవలె చూచుట ఏమి కష్టము! దీనికి ముందటి మాట మరింత కఠినమైనది. కడుపు నిండుటకు కావలసినంతయే ప్రాణికి సొంతము, అంతకు మించినది తనదని తలచువాడు దొంగ, శిక్షార్హుడు అని మహర్షి తీర్పు. గోతమునకు రంధ్రము చేసిన ఎలుకను దొంగయని తిట్టు యజమానుడు ఒకసారి ఆ గోతములను లెక్కించుకొనవలసియుండును. 

బిడ్డవలె చూచుట యనగా నేమి? పాలకుండలో చేయిపెట్టు బిడ్డను తల్లి ఏమి చేయును? నివేదనకుంచిన పాత్రకు మూతపెట్టును, అందని ఎత్తున నుంచును. పూజ ముగిసిన పిదప ప్రసాదమును తానే చేతికిచ్చును. చేయిపెట్టినాడని బిడ్డకు విషమిడదు. చేయిపెట్టుచున్నాడు గదాయని కుండను వాని ముందు తెరచియు ఉంచదు. వ్రేపల్లెలో గోపికలు పాలు, పెరుగు, వెన్న ఉట్లపై నుంచుట ఈ కారణముచేతనే. తిరుమలలో గోకులాష్టమి మరునాడు జరుగు ఉట్లోత్సవమును కన్నులార చూచిన యాత్రికులలో ఎందరికో ఉట్టి యనునది ఎలుకలు, పిల్లులు, చీమలనుండి ఆహారమును రక్షించుటకు ప్రతి యింట వ్రేలాడిన పనిముట్టని జ్ఞప్తి యుండదు. నేడు దాని పనిని మూతగట్టి రేకుడబ్బాలు, స్టీలుడబ్బాలు చేయుచున్నవి. గోనెసంచి, ప్లాస్టిక్ సంచి మాత్రము ఎలుక పంటికి ఆగవు.

మహాభారతము శాంతిపర్వమున, ఆపద్ధర్మఘట్టమున, భీష్ముడు చెప్పిన పలితోపాఖ్యానము ఇచట స్మరింపదగినది. ఒక మఱ్ఱిచెట్టు మొదట పలితుడను ఎలుక నూరు ముఖములు గల కలుగు చేసికొని కాపురముండెను. ఆ చెట్టుపై నుండు లోమశుడను పిల్లి ఒకనాటి రాత్రి బోయవాని వలలో చిక్కెను. క్రింద ముంగిస, పైన గుడ్లగూబ తనకై పొంచియుండుట చూచి పలితుడు ఆ పిల్లితోనే సంధి చేసికొని, దాని ఒడిలో దాగెను. పరిఘుడను ఆ బోయవాడు దగ్గరకు వచ్చిన పిదపనే చివరి త్రాడు కొఱికి, ఇరువురి ప్రాణములును నిలిపెను. అపాయము తీరిన తరువాత పిల్లి ఎంత వేడినను మరల దాని చేరువకు పోలేదు. ఇది రాజనీతికై చెప్పిన కథయే యైనను, గృహస్థునకు అందులో రెండు సంగతులు పనికివచ్చును.

మొదటిది, కలుగునకు నూరు ముఖములుండుట. ఒక్క రంధ్రమునకు గుడ్డ కుక్కి, పని ముగిసినదనుకొనువాడు పలితునికంటె తెలివితక్కువవాడు. పెన్సిలు దూరు సందు చాలును, చిట్టెలుక లోనికి వచ్చును. ఆడు ఎలుక మూడువారములలో ఈనును. ఈతకు ఐదారు పిల్లలు సామాన్యము. ఆ పిల్లలు నెలన్నరకే చూలు దాల్చు ఈడునకు వచ్చును. కావున పగటివేళ గోడ మొదళ్లను, తూముచుట్టును, తలుపుల అడుగుభాగమును, విద్యుత్తుతీగెలు వచ్చు రంధ్రములను దీపము పట్టి చూచి, ఇనుపపీచు కూరి సిమెంటుతో పూడ్చవలెను. తలుపు క్రింద రేకు కొట్టింపవలెను. గోతములను నేలపై పెట్టక, బల్లమీద, గోడకు జానెడెడముగా ఉంచవలెను. రాత్రి ఎంగిలిగిన్నెలు కడుగక నిద్రించు ఇంటిలో తక్కిన జాగ్రత్తలన్నియు వృథా.

రెండవది, ఎలుకకు శత్రువులను భగవంతుడే సృష్టించెను. పిల్లి, ముంగిస, గుడ్లగూబ భారతకథలో ఒక్క చెట్టు చుట్టును ఉన్నవి. పొలములో జెఱ్ఱిపోతు కలదు. గుడ్లగూబ కూసినచో అపశకునమని రాళ్లు రువ్వి, జెఱ్ఱిపోతు కనబడగనే కఱ్ఱలతో కొట్టి, పిదప ఎలుకలు పెరిగినవని విలపించుట వింతయే! విషము తిని మందగించిన ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడ చచ్చుచుండును.

విషము సంగతి మరికొంత చెప్పవలసియున్నది. ఎలుకలమందు పేరిట అంగళ్లలో దొరకిన ముద్దలలో పసుపు భాస్వరము కలిగినవి అతిభయంకరములు. అది కాలేయమును నాశనము చేయును, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. రొట్టెముక్కకో, టమాటాముక్కకో పూసి మూలనుంచిన మందును ప్రాకు పసిబిడ్డ నోటపెట్టుకొనుట ఎంతసేపు? ఎలుక నొక్కటి చంపబోయి ఇంటిదీపము నార్పుకొనుట యగును. జిగురుపలక విషము కాదని కొందరు దానిని మెచ్చుకొందురు. దానికంటుకొన్న ప్రాణి ఆకలిదప్పులతో, చర్మము చీలి, గంటలకొలది గిలగిల కొట్టుకొనును. కల్యాణసాధనమున దయను చేర్చిన ఆచార్యుని సంప్రదాయమువారి యింట అట్టి పలక యుండదగదు. బోను మేలు. ప్రతి ఉదయము తప్పక చూచి, పడినదానిని పరుల యింటి వాకిట గాని, పొరుగువాని చేలో గాని కాక, ఊరికి దూరముగా విడువవలెను. రంధ్రములు పూడ్చకుండ బోను పెట్టుట మాత్రము చిల్లికుండతో నీరు తోడుటయే.

ఎలుకలు కేవలము నష్టకారులే కాదు. 1894లో హాంకాంగున యెర్సిను అను శాస్త్రజ్ఞుడు ప్లేగు క్రిమిని కనుగొనెను. 1898లో కరాచీయందు సిమోను ఎలుకగోమారివలన అది సంక్రమించునని చూపెను. ఆ 1898లోనే బెంగుళూరున ప్లేగు ప్రబలెను. హిందూపురము ఆ నగరమునకు పోవు రైలుమార్గముననే యున్నది. నేడు ఆ వ్యాధికి మందులున్నవి. కాని ఎలుక మూత్రమువలన వచ్చు లెప్టోస్పైరోసిస్ జ్వరము ఇంకను ప్రాణములు తీయుచునే యున్నది. కావున ఇంటి పిల్లల క్షేమమునకై ఎలుకను వెలుపలకు పంపుట హింసయను శంక అక్కరలేదు.

ఇన్ని చేసినను గృహస్థుని చేత ప్రాణులు నశింపక మానవు. పొయ్యి, తిరుగలి, చీపురు, రోకలి, నీళ్లకుండ – ఈ ఐదును ఇంటిలోని హింసాస్థానములని స్మృతులు చెప్పి, తత్పరిహారముగా పంచమహాయజ్ఞములను విధించినవి. శ్రీభాష్యమునందలి ఏడు సాధనములలో క్రియ యనబడునది ఈ యజ్ఞాదుల అనుష్ఠానమే. అందు భూతయజ్ఞము ప్రాణులకు పిడికెడన్నము పెట్టుట. ఆ అన్నము ఇంటి వెలుపల, శుభ్రమైన నేలపై, పగటివేళ, చేతితో పెట్టబడునది. రాత్రి పొయ్యిచుట్టు చిందియుండునది భూతబలి కాదు.

కార్తికదీపముల విషయము ఒకటి మిగిలినది. తమిళదేశమున వేదారణ్యపు శివాలయమున నేతికై వచ్చిన ఎలుక తగిలి, ఆరిపోవు దీపపు వత్తి పైకి జరిగి వెలుగు పెరిగెననియు, ఎరుగక చేసిన ఆ సేవచేత ఎలుక మరుజన్మమున బలిచక్రవర్తియై వామనమూర్తి పాదమును శిరమున ధరించెననియు స్థలపురాణము. ఇంటిలో మాత్రము నూనెవత్తిని వెలుగుచుండగనే లాగుకొనిపోయి గుడ్డలమూటలో దూరు ఎలుకవలన నిప్పంటుకొనును. కావున దీపము వెలుగుచున్నంతసేపు దగ్గర ఎవరైన నుండవలెను. కదిరి నరసింహుని సన్నిధికో, తిరుమలకో కుటుంబముతో బయలుదేరువారు కుందులు తుడిచి, వత్తులు, అక్షతలు, నైవేద్యపు బెల్లము డబ్బాలో పెట్టి మూతవేసి, పూజగది తలుపు క్రింది సందును చూచుకొని, ఆ పిమ్మట తాళము వేయవలెను.