తగిలింది

కత్తిసాములో ఫ్రెంచివాళ్ళ మాటొకటుంది, ‘టూషే’ అని. మన మాటలో చెప్పాలంటే ‘తగిలింది’, అంతే. విశేషమల్లా అది ఎవరనాలన్నదే. పొడిచినవాడు కాదు, పోటు తిన్నవాడు అనాలి. “నీ కత్తి నాకు తగిలిందయ్యా” అని తనంతట తాను ఒప్పుకోవడం అక్కడి మర్యాద. తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని వాదనల్లోకీ తెచ్చుకున్నారు. ఎదుటివాడి మాట సూటిగా తాకితే నవ్వేసి ‘టూషే’ అంటారు.

మన చెడుగుడు చూడండి. కూతకొచ్చినవాడు ‘తగిలింది’ అని గోల, ఇవతలివాడు ‘తగల్లేదు’ అని ఒట్లు! (ఒట్టు పెట్టేది తగిలినవాడే, గమనించారా?) ఇక మాట తగిలిందంటే రెండు రోజులు మూతి ముడుపే.

రుద్రమదేవి ఏలిన ఊళ్ళో ఉంటూ కత్తిని చిన్నబుచ్చలేను. కాని ఆవిడ యుద్ధంలోనే కన్నుమూసిందని 1289 నాటి చందుపట్ల శాసనాన్ని బట్టి చరిత్రకారులంటారు. నిజం కత్తి తగిలాక ఒప్పుకోవడానికి మనిషెక్కడ? టూషే సాధనశాల మాట. అక్కడి కత్తి మొనకి బుడిపె ఉంటుంది. అది పూమొగ్గలా ఉంటుందనే ఆ కత్తికి ‘ఫ్లూరె’, అంటే చిన్న పువ్వు, అని పేరొచ్చిందంటారు. మొన మొండి చేసుకున్నాకే ఆ పెద్దమనిషి తరహా సాధ్యమైందన్నమాట.

మరి మన ఇళ్ళలో? “తగ్గితే ఏం పోతది బిడ్డా” అని మా వీధి పెద్దమ్మ కొత్త కోడళ్ళందరికీ చెబుతుంది. కొడుకులకి చెప్పగా నేను వినలేదు. తగిలినవాళ్ళు ఒప్పుకోవాలిగాని, కోడలు గనక ఒప్పుకోవాలనడం ఏ సాములో ఉంది? పైగా ఒప్పుకున్నాక పదేళ్ళయినా “ఆనాడు నువ్వే అన్నావుగా” అని ఎత్తిపొడుస్తుంటే, ఆ మొనకి బుడిపె లేదనేగా అర్థం!

ఒలింపిక్స్‌లో ఈ బాధ తీర్చేశారు. 1936లో ఒక రకం కత్తికి, 1956లో ఫ్లూరెకి కరెంటు తగిలించారు. తాకితే దీపం వెలుగుతుంది. 2021లో టోక్యోలో మన దేశం తరఫున తొలిసారి బరిలో దిగిన చెన్నై అమ్మాయి భవానీదేవి ఆటలోనూ దీపాలే వెలిగాయి. దీపానికేం, పోయే పరువా పాడా?

మా ఇంట్లో దీపం లేదు. మొన్న ఇంటిఖర్చు లెక్కల దగ్గర నా మాట మావారికి సూటిగానే తగిలింది. ఆయనేమీ అనలేదు. కాసేపటికి లేచి, తనే రెండు కప్పుల టీ పెట్టుకొచ్చారు. చక్కెర వెయ్యడం మరిచిపోయారు. నేను తాగేశాను.