చుట్టం కాని వారి కోసం ఏడవచ్చా?

 

జటాయు మోక్షం వీడియో పెట్టాక చాలామంది ఒకటే అడిగారు. పోయినవారి కోసం పండితులు శోకించరని గీతలో భగవానుడే చెప్పాడు కదా, మరి రామచంద్రుడు ఒక పక్షి కోసం ఎందుకు ఏడ్చాడు అని. వీడియోలో అంత సమయం లేకపోయింది. పైగా నాకిది పుస్తకంలో ప్రశ్న కాదు.

రాజమండ్రిలో మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు. నాకంటే నలభై ఏళ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు. పారిజాతాల కోసం తెల్లారగట్ల వాళ్ల పెరట్లోకి వెళ్లేదాన్ని, అలా మొదలై ఇరవై ఏళ్లు సాగింది. కళ్లు సరిగా ఆనక, మధ్యాహ్నాలు నాచేత రామాయణం చదివించుకునేవారు. ఒత్తు తప్పితే ఊరుకునేవారు కాదు. చదవడం అవగానే టీవీలో సీరియల్ పెట్టమనేవారు, అదీ అంతే శ్రద్ధగా చూసేవారు లెండి! అరణ్యకాండలో జటాయువు దగ్గరికి వచ్చిన రోజు మాత్రం నన్ను ఇంటికి పోనిచ్చేవారు కాదు. "ఇక్కడ పుస్తకం మూయకూడదే, శబరి దాకా పద" అనేవారు. ఎంత పొద్దుపోయినా సరే, శబరి పళ్లు పెట్టాకే కాఫీ.

రెండేళ్ల కిందట కార్తీకంలో వెళ్లిపోయారు. పదోరోజున ఎవరో అడిగారు, "మీరు ఆవిడకి ఏమవుతారమ్మా?" అని. స్నేహితురాలిని అన్నాను. అడిగినావిడ నవ్వాలా వద్దా అన్నట్టు చూసింది.

మా వైపు అయినవాళ్లకి పదిరోజులు మైల. గుడికి వెళ్లరు, పూజ చేయరు, నలుగురూ వచ్చి పలకరిస్తారు. నాకు అవేవీ లేవు. మర్నాడు పొద్దున్నే దీపం పెట్టాను, పిల్లలకి క్యారేజీలు కట్టాను. మైల అంటే అంటు అనే అనుకుంటాం గానీ, అది దుఃఖపడటానికి పెద్దలు ఇచ్చిన సెలవు కూడా అని అప్పుడు తెలిసింది. స్నేహానికి ఆ సెలవు లేదు. పైగా "మీరే ఇంత బాధపడితే ఎలా, ఏడిస్తే ఆవిడకి శాంతి ఉండదు" అన్నారు కొందరు. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి పోయినవారి శాంతి కంటే, ఎదురుగా ఏడుస్తున్న మనిషి దగ్గర కూర్చోలేని ఇబ్బందే ఎక్కువని నా అనుమానం.

ఇప్పుడు రాముడి సంగతి చూడండి. జటాయువు ఆయనకి ఏమవుతాడు? దశరథుడి స్నేహితుడు. అంతే. అరవై వేల ఏళ్ల ముసలి పక్షి. నేను ముసలివాణ్ణి, నువ్వు యువకుడివి, రథం, ఆయుధాలు ఉన్నవాడివి, అయినా నిన్ను పోనివ్వను అని రావణుడితోనే చెప్పి యుద్ధానికి దిగాడు. ఆ పక్షి ప్రాణం విడిచాక, సీత దూరమైన దుఃఖం కంటే నా కోసం ఈయన చనిపోయిన దుఃఖమే నాకు ఎక్కువగా ఉందని రాముడు లక్ష్మణుడితో అంటాడు. వాల్మీకి రాసిందే చెప్తున్నాను, నా కల్పన కాదు. తండ్రిలాగే ఈయనా నాకు పూజ్యుడు అంటాడు. కట్టెలు తెమ్మని, చితి పేర్చి, తానే దహనం చేసి, దర్భల మీద పిండం పెట్టి, గోదావరిలో దిగి ఉదకం వదిలాడు. కన్నతండ్రి చితికి నిప్పు పెట్టే అవకాశం ఆయనకి రాలేదు, అది భరతుడు చేశాడు. భద్రాచలం దగ్గర ఏటపాకలో, అక్కడ లేపాక్షిలో, జటాయువు పడింది ఇక్కడే అని స్థలపురాణాలు చెప్పుకుంటారు. ఏ ఊరివాళ్లూ ఆ పక్షిని వదులుకోలేదు.

మరి గీత మాట? నా బుద్ధికి తోచింది చెప్తాను. అర్జునుడి శోకం గాండీవం కింద పెట్టించింది. చేయాల్సిన పని మానేయడానికి అది సాకు అయింది. రాముడి శోకం చితి పేర్చింది, ఆ తర్వాత లేచి సీతను వెతకడానికి దక్షిణంగా నడిచింది. రెండూ కన్నీళ్లే, ఒకటి కాదు. ఆత్మకి చావు లేదని తెలిసినా, రేపు మధ్యాహ్నం ఒత్తు సరిదిద్దే గొంతు ఉండదు కదా. ఆ లోటు అజ్ఞానం అని నేను అనుకోను.

శాస్త్రం కూడా స్నేహితుణ్ణి బయట నిలబెట్టలేదు. పిల్లలు లేని భీష్ముడికి మాఘ శుద్ధ అష్టమినాడు ఏ సంబంధమూ లేనివాళ్లు తర్పణం వదులుతారు. భాద్రపద బహుళ పక్షంలో మహాలయం పెట్టేటప్పుడు తండ్రి, తాతల వరుస అయ్యాక గురువు, మిత్రుడు కూడా వస్తారు. ఆ సంగతి విన్నాక మావారిని అడిగాను, మామ్మగారి పేరు చెప్పమని. సరే అన్నారు. గోత్రం ఏమిటి అన్నారు.

నాకు తెలీదు! నా పిల్లల నక్షత్రాలు ఆవిడకి కంఠస్థం. ఆవిడ గోత్రం అడిగే అవసరం ఏనాడూ రాలేదు. తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చన్నారు మా పురోహితులు. నాకు మనసొప్పలేదు. వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. అమెరికాలో అర్ధరాత్రి, అయినా ఎత్తాడు. అమ్మకి నేను పెట్టాను కదండీ అన్నాడు ముందు. మీది మీరు పెట్టారు, ఇది నాది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోత్రం చెప్పి, పేరు కూడా చెప్పాడు, రికార్డుల్లో ఉన్నది కాదు, పుట్టింట్లో పిలిచేది. అది నేను అప్పటిదాకా వినలేదు.