మస్తాన్ తర్వాత?

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మస్తాన్ అనే పేరు ఒంటరిగా నిలబడదు. పక్కన ఇంకో మాట వచ్చి చేరేదాకా ఆ మనిషెవరో తేలదు. గుంటూరు మస్తాన్ దర్గాకి మొక్కుకుని బిడ్డల్ని కన్న హిందువులు మస్తాన్ రావు అనీ, మస్తానమ్మ అనీ పెట్టుకున్నారు. మేం మస్తాన్ వలీ అని పెట్టుకున్నాం. దర్గా ఒకటే, మొక్కు ఒకటే. రెండో మాట దగ్గర దారులు చీలిపోతాయి. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం పేరబ్బాయ్?" అంటాడు. "మస్తాన్" అంటాను. ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడమే ఒక ప్రశ్న. మస్తాన్ తర్వాత?

దానికి జవాబు చెప్పి తీరాలా? చెప్పకపోతే అబద్ధమాడినట్టా? అవతలివాడు తనకి నచ్చిన రెండో మాట తనే తగిలించుకుని తృప్తిపడితే, సరిదిద్దే పూచీ నాదా? బెర్లిన్‌లో చదువుకున్న రెండేళ్ళూ నన్ను వదలని ప్రశ్న ఇది. మీకిది చిన్న విషయంగా కనిపించొచ్చు. పేరు విని ఇల్లు అద్దెకివ్వని మనుషులున్నంత కాలం నాకిది చిన్న విషయం కాదు.

మేం దూదేకులవాళ్ళం. కాగితాల మీద నూర్ బాషా, బీసీ - బి. ఇంట్లో తెలుగే. ఊళ్ళో హిందువులకి తురకోళ్ళం. ఉర్దూ మాట్లాడే సాయిబులకి సగం తురకోళ్ళం. పిల్లనిచ్చే దగ్గరికొస్తే ఆ సగం కూడా మిగలదు. 1992 డిసెంబరు 6 తర్వాత మాత్రం మా నాన్నని సగమే కదా అని ఎవరూ వదిలిపెట్టలేదట. అనుమానించడానికి మేమెప్పుడూ పూర్తి ముస్లింలమే.

2016లో బెర్లిన్ వెళ్ళాను. అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ప్రభుత్వ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతానికి ఒక గడి ఉంది. ఇక్కడ కూడానా అనుకున్నాను. కౌంటర్లో ఉన్నావిడ నా మొహం చూసి వివరంగా చెప్పింది. చర్చి సభ్యులైతే వాళ్ళ ఆదాయపు పన్ను మీద తొమ్మిది శాతం చర్చి పన్ను ప్రభుత్వమే వసూలు చేసి చర్చికిస్తుందట. ఆ గడి అందుకోసం. మసీదులకి ఆ ఏర్పాటు లేదు. నీకు సంబంధం లేదు, గీత పెట్టెయ్యి అంది. పెట్టాను. స్కూల్లో చేరిన రోజు నుంచీ ఆ గడి నింపుతూ వచ్చిన చేతికి ఆ గీత ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

దాని వెనక చరిత్ర తర్వాత చదివాను. 1919 వైమార్ రాజ్యాంగం 136వ అధికరణం ప్రకారం తన మత విశ్వాసం బయటపెట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఏదైనా హక్కో బాధ్యతో దానిమీద ఆధారపడితేనో, చట్టప్రకారం గణాంకాలు తీస్తేనో తప్ప అధికారులు అడగకూడదు. 1949లో రాసుకున్న కొత్త రాజ్యాంగంలోకీ అది యథాతథంగా వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో అందరికీ తెలుసు. నేను మాత్రం ఒక్క ఆర్డరు దగ్గర ఆగిపోయాను. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం యూదుల పేర్ల మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. వినగానే యూదులని తెలిసిపోయే పేర్ల జాబితా ఒకటి తయారుచేశారు. ఆ జాబితాలో లేని పేరున్న మగవాళ్ళందరూ పేరు పక్కన ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళు సారా అనీ తగిలించుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అమలు. అంటే పేరు వినగానే ఎవరో తేలని మనుషులే ఆ రాజ్యానికి ఇబ్బంది. మస్తాన్ తర్వాత ఏంటని అడిగి ఊరుకోలేదు, తనే రాసిపెట్టింది. మా హాస్టలు వీధిలో గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన ఇత్తడి పలకలు పేవ్‌మెంట్లో పొదిగి ఉంటాయి. అరచేతంత ఉంటాయి. "ఇక్కడ నివసించారు" అని మొదలై పేరు, పుట్టిన ఏడు, ఎక్కడికి తరలించారో, ఎక్కడ చంపారో చెప్తాయి. వంగితే గాని చదవలేం.

ఐరోపాని పొగడ్డానికి ఇదంతా రాయడంలేదు. రాజ్యం అడగని ప్రశ్న అక్కడ వీధి అడుగుతుంది. నా క్లాసులో ఒకమ్మాయి క్రోయిట్స్‌బెర్గ్‌లో పుట్టింది. 1961లో టర్కీతో కుదిరిన కూలీల ఒప్పందం మీద వచ్చినవాడు వాళ్ళ తాత. ఎక్కడినుంచి అని అడిగితే క్రోయిట్స్‌బెర్గ్ అంటుంది. అది సరే, అసలు ఎక్కడినుంచి అంటారు. జర్మన్ తల్లికో తండ్రికో పుడితేనే జర్మన్ అనే 1913 నాటి చట్టం అక్కడ 2000 దాకా నడిచింది. అందుకే అక్కడే పుట్టి, అక్కడే బడికెళ్ళిన ఆ అమ్మాయి పుట్టుకతో జర్మన్ కాలేకపోయింది. చట్టం మారినా నోళ్ళు మారలేదు.

ఇక తురకల సంగతి. పుట్టిన దగ్గర్నుంచీ తురకోడా అనిపించుకున్న నేను అసలు తురకలుండే నగరంలో దిగాను. వాళ్ళకి నేను తురకని కాదు సరిగదా, ముస్లింని కూడా కాదు. షెహిత్‌లిక్ మసీదులో జుమా నమాజు చేసి బయటికొస్తుంటే ఒక పెద్దాయన ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని, ఎప్పుడు ఇస్లాంలోకి వచ్చావు బాబూ అనడిగాడు. మా తాతల తాతల నాడు అన్నాను. ఇంట్లో ఏం మాట్లాడతారు అన్నాడు. తెలుగు అన్నాను. అది హిందువుల భాష కదా అన్నాడు. అంతదూరం వెళ్ళి మళ్ళీ మా ఊరి మసీదు అరుగు మీదే కూర్చున్నట్టనిపించింది.

ఆదివారాలు తెలుగు విద్యార్థులు కొందరు ఒక ఫ్లాటులో కలిసేవాళ్ళం. పప్పుచారు, గోంగూర సీసా, పాత సినిమా. వాళ్ళకి నేను మస్తాన్‌ని. మస్తాన్ రావు అని వాళ్ళే పూరించుకున్నారని నాకు మెల్లగా తెలిసింది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. జనవరి నుంచి ఆ ఫ్లాటులోనే ఒక గది నాకిస్తామన్నారు. బెర్లిన్‌లో గది దొరకడమంటే మాటలు కాదు.

2016 డిసెంబరు 19 రాత్రి బ్రైట్‌షైడ్‌ప్లాట్స్‌లో క్రిస్మస్ సంత మీదికి లారీ తోలారు. పన్నెండు మంది చనిపోయారు, గాయపడిన మరొకరు 2021లో పోయారు. పోలీసులు వెంటనే ఒక పాకిస్తానీ శరణార్థిని పట్టుకున్నారు. మర్నాడు సాయంత్రం సాక్ష్యం లేదని వదిలేశారు. చేసింది ట్యునీషియావాడని తర్వాత తేలింది. ఆ వదిలేసిన వార్త మాకింకా చేరకముందే ఫ్లాటులో చేరాం. భయం అందరిలోనూ ఉంది, నాలోనూ ఉంది. ఆ సంతకి మేమంతా వారం ముందే వెళ్ళొచ్చాం. మాట పాకిస్తానోడి నుంచి తురకోళ్ళ మీదికి, అక్కణ్ణుంచి మన దగ్గర వీళ్ళనేం చెయ్యాలనే దాకా వెళ్ళింది. చివరికొకడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పరా మస్తాన్ రావ్, మీ గుంటూర్లో వీళ్ళ సంగతి నీకు తెలుసుగా" అన్నాడు.

నేను మస్తాన్ వలీని అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు భుజమ్మీద చెయ్యేసి, "నువ్వలాంటోడివి కాదులేరా" అన్నాడు. నేనెలాంటివాణ్ణో అప్పటిదాకా ఎవరికీ అనుమానం లేదు. రుజువు చేసుకోవాల్సిన అవసరం ఆ నిమిషం నుంచే మొదలైంది.

1769లో లావాటర్ అనే స్విస్ పాస్టర్ ఇదే బెర్లిన్‌లో ఉండే యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్‌సోన్‌కి బహిరంగంగా సవాలు విసిరాడు. క్రైస్తవం నిజమని వాదించే ఒక పుస్తకాన్ని అనువదించి ఆయనకే అంకితమిచ్చాడు. దీన్ని నలుగురిలో ఖండించు, లేదా మతం మారు అన్నాడు. అది ద్వేషంతో కాదు, అభిమానంతోనే! ఇంత మంచివాడివి, ఇంకా యూదుడివేమిటని. మెండెల్‌సోన్ మర్యాదగా ఆ గోదాలోకి దిగనన్నాడు. తన విశ్వాసాన్ని తాను ఎప్పుడో తరచి చూసుకున్నాననీ, మత వివాదాలు తనకిష్టం లేదనీ రాశాడు. ఆ గొడవ తర్వాత చాలాకాలం జబ్బుపడ్డాడు. "నువ్వలాంటోడివి కాదు" అనే మాట నాకు ఆ అంకితంలాగే వినపడింది.

అయితే ఆ రోజు నేనెందుకు నోరు విప్పాను? నా మతం చెప్పాల్సిన రుణం వాళ్ళకి నేనేమీ పడలేదు. అడగనిది చెప్పకపోవడం నా హక్కు, నేనేమీ దాచలేదు. కానీ అక్కడ అడిగింది నా మతం కాదు, నా సాక్ష్యం. మస్తాన్ రావు సాక్ష్యం. నేనూరుకుంటే మా ఊరి దూదేకులవాళ్ళ మీద నా నోటితోనే వేలిముద్ర వేసినట్టయ్యేది.

మూడోరోజు మెసేజ్ వచ్చింది. గది వేరేవాళ్ళకి మాటిచ్చేశాం, ఏమనుకోకు అని. కారణం అడగలేదు. ఇల్లు లేదన్నవాళ్ళని మా నాన్న కూడా ఏనాడూ అడగలేదు.

ఆ వారమే ఆ ఫ్లాటులో ఉండే ఒకతను రాత్రి పొద్దుపోయాక నా హాస్టలుకొచ్చాడు. టీ పెట్టాను. చాలాసేపు సెమిస్టరు గురించి మాట్లాడి, "నేను మాదిగోణ్ణి మస్తాన్. వాళ్ళకి తెలీదు, నువ్వు చెప్పకు" అన్నాడు. ఇంటిపేరు చెప్పకుండా, ఊరి పేరు తప్పించుకుంటూ ఏడాదిన్నర గడిపాడట. పార్ట్ టైమ్ పనులు, గది, రేపటి ఉద్యోగానికి రిఫరెన్సులు అన్నీ ఆ నలుగురి చేతుల మీదుగానే రావాలి. "నీలాగా చెప్పెయ్యాలనిపించింది. నాది పిరికితనమంటావా?" అనడిగాడు.

కాదన్నాను, ఇప్పటికీ కాదనే అంటాను. సాయిబుల ఇళ్ళలో అమ్మార్ బిన్ యాసిర్ కథ చెప్పుకుంటారు. మక్కాలో చిత్రహింసలు భరించలేక శత్రువులు అనమన్న మాట అనేసి, ఏడుస్తూ ప్రవక్త దగ్గరికొచ్చాడాయన. నీ మనసెలా ఉందని అడిగారు ప్రవక్త. విశ్వాసంతో నిలకడగా ఉందన్నాడు. మళ్ళీ హింసిస్తే మళ్ళీ అలాగే అను అన్నారు. నా మిత్రుడు అంతమాత్రం కూడా అనలేదు, ఊరుకున్నాడంతే. అతని మౌనాన్ని తూకం వేసేముందు, ఆ మౌనం మీద తిని తేన్చినవాళ్ళ మాటల్ని తూకం వెయ్యాలి. మన లౌకికవాద మిత్రులు కొందరు, కులమతాలు చెప్పుకోకపోవడమే ఆదర్శమంటారు. చెప్పుకోనక్కర్లేనివాడికి అది ఆదర్శం. చెప్తే గది పోయేవాడికి అది తలుపు గడియ.

ఇది రాస్తానని అతన్ని అడిగాను. పేరూ జిల్లా లేకుండా రాసుకో అన్నాడు. ఇప్పుడతను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. కొత్తగా చేరిన తెలుగాయన మొదటిరోజే ఏ ఊరని అడిగాడట. ఈసారి ఊరి పేరు చెప్పాడట. అయితే ఊళ్ళో ఏవైపు అని అడిగాడట.