మంచి నేల అంచునుండి

ధ్యాన భాగములు: మత్తయి 12:43–45; 13:24–30

మన సంఘస్థులలో సేద్యము చేయు పెద్దమనుష్యు డొకడు ఆరాధన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, కలుపు తీయవద్దని ప్రభువు ఎందుకు చెప్పినాడండీ? కలుపు తీయనివాడి చేను ఏమవుతుంది?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. గురుగులను పెరికివేయుదుమా అని దాసులు అడుగగా యజమానుడు వద్దనెను. వరిచేలలో వంగి నడుములు నొచ్చువరకు కలుపు తీసిన స్త్రీలు మన దేవాలయములలో కూర్చుండి యీ పాఠమును వినుచున్నారు. వారియెదుట తేలికమాట చెప్పి తప్పించుకొనుట బోధకునికి తగదు.

ఈ విషయములో నాకు సహాయము దొరికినది వ్యాఖ్యాన గ్రంథములలో కాదు. ఆస్ట్రేలియా దేశములోని సిడ్నీ నగరములో, సముద్రపు పాయ ఒడ్డున మోస్మన్ అను పేట కలదు. 1960వ దశకములో అక్కడ జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అను అక్కచెల్లెండ్రు తమ యింటికి దాపుననున్న ఆష్టన్ పార్కు వనములో నడుచుచు, పరదేశపు మొక్కలు ఆ నేలకు స్వంతమైన చెట్లను అణగద్రొక్కుట చూచిరి. సిడ్నీ వనములను బాధించు అట్టి మొక్కలలో లాంటానా యొకటి. ఎరుపు పసుపు కలిసిన పూలగుత్తులు గల ఆ ముండ్లపొద మనకును తెలిసినదే. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి అలంకారముకొరకు తెచ్చుకొనిన ఆ మొక్క మన బందీపూరు, ముదుమలై అడవులలో ఎంతగా అల్లుకొనినదో చూచినవారెరుగుదురు.

అట్టి పొదలను తొలగించుటకు జనులు సామాన్యముగా ఎన్నుకొను మార్గమేది? కలుపు ఎక్కడ మిక్కిలి దట్టముగా నున్నదో అక్కడికే నేరుగా పోయి, నరికి, నేలను బోడిగా చేయుదురు. ఆ దినమున చూచుటకు ఎంతో తృప్తిగా నుండును. కొన్ని నెలలు గడచునప్పటికి అదే నేల మునుపటికంటె దట్టముగా కలుపుతో నిండును. కదలిన మన్నును, ఒక్కసారిగా పడిన ఎండయు మొట్టమొదట మేలు చేయునది కలుపు విత్తనములకే.

ఆ అక్కచెల్లెండ్రు పనిని తలక్రిందులు చేసిరి. స్వదేశపు మొక్కలు ఇంకను బలముగానున్న చోట మొదలుపెట్టి, వాటి నడుమ అక్కడక్కడ మొలచిన ఒంటరి కలుపు మొక్కలను చేతితో తీసిరి. వేరుకు అంటిన మన్నును అక్కడనే దులిపి, ప్రక్కకు జరిపిన ఎండుటాకులను తిరిగి నేలమీద కప్పిరి. తరువాత మంచి నేల అంచునుండి చెడిన నేలవైపు కొద్దికొద్దిగా జరిగిరి. ఎంత వేగముగా జరుగవలెనన్నది వారి ఉత్సాహమునుబట్టి కాదు, తీసినచోట స్వదేశపు మొలకలు లేచుటనుబట్టియే నిర్ణయమగును. అవి లేవకమునుపు ముందుకు పోరాదు. ఆ మొలకల విత్తనములను ఎవరును తెచ్చి చల్లలేదు. అవి ఆ మంటిలోనే వేచియున్నవి. ఐలీన్ 1976లోను, జోన్ 1982లోను మరణించిరి. జోన్ వ్రాసిన గ్రంథము 1988లో వెలువడెను. బహుగా పాడైన నేలలకు ఈ పద్ధతి చాలదనియు, కొన్నిచోట్ల నిప్పుకూడ అవసరమనియు తరువాతివారు చెప్పిరి. అది నిజమే కావచ్చును. అయినను నేటికిని సిడ్నీ పరిసరములలో స్వచ్ఛందముగా వచ్చి మోకాళ్లూని కలుపు తీయువారికి ఆ మూడు నియమములే ఓనమాలు. వారు దీనిని వేదాంతముగా వ్రాయలేదు, కలుపు తీయు పద్ధతిగానే వ్రాసిరి.

ప్రియులారా, గురుగుల ఉపమానమునకు ఒక అధ్యాయము ముందుగా ప్రభువు ఊడ్చిన యింటిని గూర్చి చెప్పెను. అపవిత్రాత్మ విడిచిపోయిన యిల్లు శుభ్రముగానే యున్నది, అమర్చబడియే యున్నది. కాని అందులో ఎవరును లేరు. అందువలననే ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదాయెను. మత్తయి యీ రెండింటిని దగ్గరగా నుంచుట ఊరకనే కాదని నా అభిప్రాయము. ఖాళీ నేల పరిశుద్ధమైన నేల కాదు. మన హృదయములనుగూర్చియు మనము చేయు పొరపాటు ఇదియే. మిక్కిలి చెడిన మూలకు మొదట పోయి నరుకుదుము. కృప ఇదివరకే మొలకెత్తిన తావు ఎక్కడనని చూడము.

గురుగులనుగూర్చి ఇంకొక మాట. మూలములోని పదము జిజానియ. అది గోధుమను బోలిన గడ్డి. వెన్ను తీయువరకు గుర్తుపట్టుట కష్టము. కలుపు తీయుట పాపమని యజమానుడు చెప్పలేదు. గురుగులతోకూడ గోధుమలను పెరికివేయుదురేమోయని ఆ దాసుల చేతులకు భయపడెను. రెండింటిని కలిసి ఎదుగనిమ్మని చెప్పుచోట వాడబడిన క్రియ, మా ఋణములు క్షమింపుమను ప్రార్థనలోని క్రియయే. తర్జుమా చేయువాని కష్టమిది: ఒకచోట అనుమతించుట, ఒకచోట క్షమించుట అని రెండు మాటలు వ్రాయవలసివచ్చును. మన 'విడిచిపెట్టు' అను మాట కొంతవరకు రెంటిని మోయగలదు. అప్పు విడిచిపెట్టితిననియు అందుము గదా.

నేను ముప్పది యేండ్లవాడనై, పట్టము క్రొత్తగా చేతపట్టుకొని, ఒక సంఘములో పనిచేయుచున్న కాలమున పాస్టరేటు కమిటీ యెదుట సంఘపు పట్టీ శుభ్రపరచవలెనని పట్టుబట్టితిని. మూడేండ్లుగా ప్రభురాత్రి భోజనమునకు రానివారి పేర్లు ఒక్క సాయంకాలములో కొట్టివేసితిమి. పదునొకండు పేర్లు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టినది. సంవత్సరము తిరుగకముందే ఆ ఖాళీలోనికి రెండు వర్గములు ప్రవేశించెను. ఎన్నికలు, పిటిషన్లు, దేవాలయపు తాళముకొరకు పోట్లాట.

ఆ పదునొకండు మందిలో ఒక వృద్ధుడైన దర్జీ యుండెను. ఆదివారములలో ఆయన నాలుగు మైళ్లు నడిచి, కాపరి లేని ఒక పల్లెకు పోయి పిల్లలకు కీర్తనలు నేర్పుచుండెనని నాకు తరువాత తెలిసెను. ఎవరమును అడుగలేదు, ఆయన చెప్పలేదు. ఒక ఉదయమున ఆయన మా యింటికి వచ్చి గుమ్మముదగ్గర నిలిచి, "అయ్యగారూ, నా పేరు తిరిగి రాయడానికి వీలవుతుందాండీ?" అని మాత్రము అడిగెను. కొట్టివేసిన గీత సిరాతో గీసినది; దానిని చెరుపుటకు వీలుకాలేదు. పుట అడుగున, ఆ యేడు క్రొత్తగా చేరిన యౌవనస్థుల పేర్ల క్రింద, ఆయన పేరు మరల వ్రాసితిని.