పట్టికలో లేని విషం

చట్టం వద్దనని పని చేస్తే తప్పేమిటి? కోర్టులో ఈ ప్రశ్నకు జవాబు సులభమే. మనస్సాక్షి యెదుట అంత సులభం కాదు.

ప్రియ పాఠకులారా, పటాన్‌చెరు సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి ఫ్యాక్టరీల మురుగునీరు నక్కవాగును పాడుచేస్తోందని 1990లో సుప్రీంకోర్టుకెక్కారు. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఇక బాధ తీరిందనుకున్నారు. ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ఫలితం ప్రకటించారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర మింగిన రోగి నెత్తురులో కూడా అంత ఉండదు. ఇట్టి నీటిలో బ్రతకనేర్చిన క్రిములు రేపు మన బిడ్డకు సోకితే ఏ మందు వేస్తాము? 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమాలలో అవి లేవు. పట్టికలో పేరు లేదు గనుక నేరమూ లేదు.

అగ్నిమాపక నురుగుది మరింత చిక్కు కథ. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది ఆరకపోగా పాకుతుంది. నురుగు దానిపై దుప్పటిలా పరచుకుని గాలి తగలనీయదు. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని చాలా రకాల నురుగులలో కలిపిన ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీటిలో చివకవు. మన నెత్తురులో చేరితే ఏళ్ల తరబడి ఉంటాయి. వీటిలో పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు. ఈ రెంటికీ అమెరికా 2024లో తాగునీటిలో లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున హద్దు పెట్టింది. వేలాది రసాయనాల కుటుంబమిది. ఒకదాన్ని ఆపితే దాని తోబుట్టువు డ్రమ్ములోకి వస్తుంది.

మంటల్లో మనిషి చిక్కుకున్నప్పుడు నురుగు చల్లినవాడిని తప్పుపట్టడం అన్యాయం. మరి ఏమీ తగలబడనప్పుడు, శిక్షణ పేరిట అదే నురుగును మైదానంలో చల్లి కాలువలోకి కడిగేస్తే? పలు దేశాలలో ఊళ్ల బావులు చెడింది ఎక్కువగా ఇలాంటి చోట్లనే.

మనవైపు ఇలాంటివి అడగడానికి జంకుతాము. కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2014లో మూతబడి 2018లో గాని తెరుచుకోలేదు. ఆ నాలుగేళ్లు పొయ్యి వెలగడానికి పడ్డ పాట్లు తెలిసినవాళ్లు నీటి గురించి నోరు విప్పాలంటే భయపడరా? వారిని నేను నిందించను. అయితే కొలతకు ఫ్యాక్టరీ మూయనక్కరలేదు. నురుగు తయారీదారుని అందులో ఫ్లోరిన్ ఉన్నదా అని అడగవచ్చు. ఫ్లోరిన్ లేని నురుగులు ఇప్పుడు దొరుకుతున్నాయి. శిక్షణకైతే చాలాసార్లు వట్టి నీళ్లే చాలు.