చద్దిమూటల పుట్టినరోజు

కలకత్తా నగరమునకు దక్షిణభాగమున, ఖిదిర్‌పూర్ రేవునకు చేరువగా ఏక్‌బాల్‌పూర్ అను పేట కలదు. ఆ రేవు 1892లో తెరువబడినది. అచ్చటికి దాపుననే, గార్డెన్ రీచ్‌లో, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయ మున్నది. రైలు కొలువులకును, రేవు పనులకును తరలివచ్చిన తెలుగువారికి ఈ ప్రాంతములు క్రొత్తవి కావు. ఏక్‌బాల్‌పూర్ వీధులలో వంగభాష, ఉర్దూ, హిందీ ఒక్క గుక్కలో వినవచ్చును. హిందువులును, ముస్లిములును ఇరుగుపొరుగున కాపురముందురు.

ఇట్టి పేటలో ఒక తెలుగు గృహస్థుని కుమారునికి ఐదేండ్లు నిండబోవుచున్నవనుకొనుడు. తల్లిదండ్రులు పండుగ తలపెట్టినారు. ఏదో ఒక ‘థీము’ ఉండవలెనని నేటి వాడుక. బొమ్మల సినిమాలోని వీరుడో, అడవి మృగములో, అంతరిక్షనౌకయో ఒక తలంపుగా గైకొని, దానికి తగినట్లు గోడలను, కేకును, పిల్లల దుస్తులను అమర్చుదురు. పెద్దలు కొందరు దీనిని విదేశీయమని కసరుకొందురు. అంత కసరుట న్యాయము కాదు. కృష్ణాష్టమినాడు పసివానికి నెమలిపింఛము చుట్టి, చేత మురళి నుంచి, వాకిట పాదముల ముగ్గు వేయు తల్లి చేయునదేమి? ఇంటిని ఒక్కనాడు వ్రేపల్లెగా భావించుటయే గదా. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చువారికి ఒక భావమును ఎన్నుకొని దాని చుట్టు ఇంటిని అమర్చుట ఎవరును నేర్పనక్కరలేదు. విచారింపవలసినది వేరొకటి. ఆ భావములో బాలుడెచ్చట కూర్చుండును? అతని చుట్టు వచ్చిన బాలురెచ్చట కూర్చుందురు?

ముందు ఉదయకాలపు విధిని చెప్పుకొనుట యుక్తము. జన్మదినమున చేయదగిన కర్మకు ధర్మశాస్త్రములలో వర్ధాపనమని పేరు. 1790లో కాశీనాథోపాధ్యాయుడు ముగించిన ధర్మసింధువులో ఆ విధి కలదు. నువ్వుల నలుగుతో స్నానము, కులదేవతను, జన్మనక్షత్రమును పూజించుట, మార్కండేయుని, అశ్వత్థామాది సప్తచిరంజీవులను తలచుట, నువ్వులును బెల్లమును కలిపిన పాలు త్రావుట అందులోనివి. పదునారేండ్లకే ఆయువు తీరవలసిన మార్కండేయుడు మృత్యువును దాటినవాడు గనుక పసివారి పండుగలో ఆయనకు పెద్దపీట. ఆనాడు గోళ్లు, వెండ్రుకలు తీయరాదు, మాంసము తినరాదు, ప్రయాణము చేయరాదు, కలహింపరాదు. ఈ కడపటి నిషేధమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. పొరుగింటి వంగీయ గృహిణి ఆ ఉదయము వచ్చినచో ధాన్యమును, దూర్వలును బాలుని తలపై నుంచి ఆశీర్వదించును. ఆమె యింట పుట్టినరోజనగా తల్లి వండిన పాయసమే ప్రధానము, కేకు తరువాతిది. ఇంతవరకు చిక్కులేదు.

చిక్కు సాయంకాలము వచ్చును. ఆహ్వానము చేరిన ప్రతి యింటను ఒక లెక్క మొదలగును: ఏమి తీసికొనిపోవలెను? వారు మన బిడ్డకేమి ఇచ్చిరి? రేవులో బరువులు మోయువాని కుమారుడు, ఇంట అంట్లు తోము నామె కుమార్తె, వీరును ఆ వీధి పిల్లలే. ఎల్లరితోడను ఆడుకొను పిల్లలే. ఆ సాయంకాలము మాత్రము వారికి జ్వరము వచ్చును, లేదా ఊరినుండి బంధువులు వత్తురు. నిజమైన కారణము ఎవరును చెప్పరు. కానుకలు విప్పు వేళ వెల చూచి ముఖము మార్చు పెద్దలున్న యింటికి రిక్తహస్తములతో బిడ్డను పంపుట కేతల్లికి మనసొప్పును? కలహమనగా కేకలు వేసికొనుట మాత్రమే కాదు. ఆ యిల్లు తలుపు వేసికొని మౌనముగా నుండుటయు కలహమే. శాస్త్రము నిషేధించిన దానిని అలంకారములతో ఇంటికి పిలుచుకొన్నట్లయినది.

స్వామి వివేకానందుడు చెప్పిన గోపాలుని కథ ఇచ్చట స్ఫురింపక మానదు. పేద వితంతువు కుమారుడు అడవి దారిన పాఠశాలకు పోవుచు భయపడగా, తల్లి ‘అడవిలో నీ అన్న గోపాలుడున్నాడు, పిలువు’మని చెప్పెను. పిలువగా ఆయన వచ్చెను. తరువాత గురువుగారి యింట ఒక కార్యము తటస్థించెను. తక్కిన విద్యార్థులు కానుకలు తెచ్చిరి. ఈ బాలుడు మాత్రము అడవిలోని అన్న యిచ్చిన చిన్న పెరుగుముంతతో వచ్చెను. దానిని కన్నెత్తి చూచువారు లేకపోయిరి. బాలుని కన్నులు చెమర్చినవి. కడకు గురువు జాలిగొని ఆ పెరుగును వేరొక పాత్రలో ఒంపగా ముంత మరల నిండెను. ఎంత ఒంపినను నిండుచునేయుండెను. ఈ కథ చెప్పువారు సాధారణముగా నిండుచున్న ముంతను గూర్చియే ఆశ్చర్యపడుదురు. అంతకు ముందు ఆ బాలుడు ముంత పట్టుకొని మూల నిలిచిన గడియ యొకటి కలదు. పుట్టినరోజు జరుపు గృహస్థుడు చూడవలసినది ఆ గడియను.

మరి ఎట్టి భావమును ఎన్నుకొనవలెను? భాగవత దశమస్కంధమున బాలుర విందొకటి సిద్ధముగా నున్నది. అఘాసురుని వధించిన పిమ్మట కృష్ణుడు గోపబాలురతో యమున యిసుకతిన్నెపై చల్దులు కుడిచెను. ఆ ఘట్టమును బమ్మెర పోతన తెనుగు చేసిన తీరు తెలుగువారి కెల్లరకు పరిచితమే. మురళి నడుమున దోపుకొని, పెరుగన్నపు ముద్ద ఎడమచేత నుంచుకొని, వ్రేళ్ల సందున ఊరుగాయలు పట్టుకొని కృష్ణుడు నడుమ కూర్చుండెను. తామరపువ్వు బొడ్డు చుట్టు రేకులవలె తక్కినవారు కూర్చుండిరి. అందరును ఆయనవైపే తిరిగియుండిరి. ఐనను సింహాసనము లేదు, కిరీటము లేదు, కానుకల రాశి లేదు. ఎవరి మూట వారు విప్పి ఒకరిది ఒకరికి రుచి చూపిరి.

ఏక్‌బాల్‌పూర్ ఇంటికి ఇది చక్కగా నమరును. తోట లేకున్నను మేడపైకప్పు చాలును. ఒక నీలపు చీర పరచినచో యమున. అట్టముక్కలతో ఆవుల, దూడల మోములను పిల్లలే వారము ముందు కూర్చుండి చేసికొందురు. పండుగలో సగము ఆనందము ఈ పనియందే కలదు. కుమారునికి కిరీటము కావలెనన్నచో, వంగదేశమున అన్నప్రాశనకు తొడిగెడు జీలుగుబెండు టోపీవంటి దానిని ప్రతి బాలునికి ఒక్కొక్కటి చేయింపవచ్చును, ఒక్కనికే కాదు. ఆహ్వానములో స్పష్టముగా వ్రాయవలెను: కానుకలు తేవలదు, గుప్పెడు చద్ది తెండు, మాంసము మాత్రము వలదు. అప్పుడు కూలివాని కుమారుడు బొరుగులు తెచ్చును. పొరుగు వంగీయ బాలిక కొబ్బరి నాడూలు తెచ్చును. ఈదునాడు పొరుగుల కందరకు సేమ్యా పంచు ముస్లిము తల్లి ఆ సేమ్యానే గిన్నెలో పోసి బిడ్డచేత పంపును. ఇంటివారి పులిహోర, దధ్యోదనము వీని నడుమ మరియొక మూట మాత్రమే. శాలపత్రపు విస్తళ్లు బజారులో దొరకును. అన్యమతస్థుని బిడ్డను వేషము వేయుమని బలవంతపెట్టరాదు. దూడలు కాయుటకు పింఛమేల?

ఎంగిలి మాట కొందరు ఎత్తుదురు. పసివారి నోటికి అందించుటకు ముందే పంచి పెట్టినచో ఆ చింత తీరును. దానిని పెద్ద వివాదము చేయనేల?

ఆ విందు తరువాత జరిగినది మరింత చిత్రము. బ్రహ్మ ఇంకొక మహిమను చూడగోరి దూడలను, బాలురను దాచివేసెను. కృష్ణుడు తానే అన్ని దూడలును, అందరు బాలురును ఐ, సాయంకాలము ఎవరి యింటికి వారివలె పోయెను. ఒక సంవత్సరము అట్లే గడచెను. ఐదవయేట జరిగిన అఘవధను బాలురు ఆరవయేట నేడే జరిగినట్లు ఇంట చెప్పిరని భాగవతము. ఆ యేడాది వ్రేపల్లెలో ఏ తల్లి తన బిడ్డను ఎత్తుకొన్నను, ఎత్తుకొన్నది కృష్ణునే. తల్లుల ప్రేమ దినదినము పెరిగెను. కారణ మేతల్లికి తెలియదు. సంవత్సరము నిండుటకు ఐదారు దినములుండగా, ఆవులు క్రొత్త దూడలను విడిచి పాలు మానిన దూడలకై పరుగులెత్తుట చూచి బలరాముడు మొట్టమొదట సంశయించెను.

ఐదేండ్లు నిండి ఆరవయేడు వచ్చిన బాలుని యింట ఈ కథను ఆ సాయంకాలము చెప్పుటకు ఇంతకంటె తగిన సమయము దొరకదు. తాతయో, అమ్మమ్మయో ఉన్నచో వారు చెప్పుట మేలు. పుస్తకము చూచి చదివినచో పిల్లలు దూడల ముసుగులతో పారిపోదురు. కథ ముగిసిన పిదప హారతి. పిల్లలనందరను ఒకే వరుసలో కూర్చుండబెట్టి తల్లి పళ్లెరమును తిప్పవలెను. మొదట ఎవరియెదుట నిలుపవలెనని ఆమె యడిగినచో, చివర మెట్లమీద మూట పట్టుకొని లోనికి రా సంకోచించుచున్న బిడ్డను పిలిచి, ఆ బిడ్డతో మొదలు పెట్టవచ్చును.